గోడవార వానలిల్లీలు

ఆగండాగండి, అప్పుడే వెళ్ళిపోకండి. కాస్త ఇలా కూర్చుని ఇది వినండి, తర్వాత మీ దారిన మీరు వెళ్దురుగాని. పెద్ద విషయమేం కాదు, మూరెడు వెడల్పు మట్టి సంగతి. ఒక అద్దె ఇంటి ప్రహరీ గోడకీ సిమెంటు నడవకీ మధ్య, మేస్త్రీ ఎందుకో సిమెంటు పోయకుండా వదిలేసిన మట్టి. గేటు దగ్గర మొదలై నీళ్ళ మోటారు దాకా వెళ్తుంది. ఆ సాయంత్రం సూదక్క దాని పక్కన గొంతు కూర్చుని, ఎండిపోయిన ఆకులు ఒక్కోటీ పీకి పక్కన పెడుతోంది.

సూదక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దున్నే బండేసుకుని ఇళ్ళకెళ్ళి రక్తం తీసుకొస్తుంది. ఎంత దాక్కున్న నరాన్నైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకుంటుందని పెద్దవాళ్ళకి ఎంత ప్రేమో పిల్లలకి అంత హడల్. ఆమె బండి హారన్ వినపడితే చాలు, బుగ్గన ముద్ద పెట్టుకుని కూర్చున్న పిల్లలు కూడా గుటుక్కున మింగేస్తారు.

పైకి చూస్తే అక్కడేం లేదు. గడ్డి ఎండి పడుకున్నట్టు ఉన్న ఆకులు, పగుళ్ళిచ్చిన నేల. కానీ రెండు వేళ్ళు లోపలికి దింపితే చాలు, రెయిన్ లిల్లీ దుంపలు తగుల్తాయి. చిన్నుల్లిపాయలంత ఉంటాయి, రద్దీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఎండలు ముదిరినప్పట్నుంచీ నీళ్ళు మానేసి వాటిని అలా ఎండబెట్టింది సూదక్కే. దుంప బాగా ఎండాలి. దాహంతో అల్లాడాలి. అప్పుడు గట్టి వాన ఒక్కటి పడిందంటే నాలుగైదు రోజుల్లో మొగ్గలు తోసుకొస్తాయి, ఓ పొద్దున లేచి చూసేసరికి గోడవారంతా గులాబీరంగు.

"మళ్ళీ చంపుతున్నావా వాటిని?"

మెట్ల మీద నుంచి ఓనరు పిన్ని. చేతిలో ఎప్పట్లాగే నీళ్ళ మగ్గు. పై వాటాలో ఆవిడా, సరిగ్గా వినపడక టీవీ వీధంతటికీ వినిపించే బాబాయీ ఉంటారు. పిన్నికి ఎండిన మొక్కని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వద్దు మొర్రో అని సూదక్క మొత్తుకున్నా, అటు తిరిగినప్పుడు ఇటు ఓ మగ్గు పోసేస్తుంది. అందుకే మోటారు దగ్గర కొస ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, పువ్వు మాత్రం పూయదు. దీని మీద ఇద్దరికీ రోజూ చిన్న యుద్ధం. అది లేకపోతే ఇద్దరికీ పొద్దుపోదు కూడా.

ఆ రోజు మాత్రం సూదక్క యుద్ధానికి దిగలేదు. ఇంకో వారంలో ఇల్లు మారుతున్నారు. మొగుడు ఫ్రిజ్‌ల మెకానిక్, షాపు ఊరి అవతలికి మారింది, రోజూ ఇంత దూరం అంటే ఆయనకీ కష్టమే. గిన్నెలు అట్టపెట్టెల్లోకి ఎక్కేశాయి. మిగిలింది ఇదొక్కటే. ఆమె చేతులు దులుపుకుని మెల్లిగా అంది, పిన్నీ, వీటిని తవ్వి తీసుకెళ్తాను, ఇలా ఎండి ఉన్నప్పుడే తవ్వాలి, వాటికి నొప్పి తెలీదు.

పిన్ని మగ్గు కింద పెట్టేసింది.

"ఎక్కడికి తీసుకెళ్తావు? ఫ్యాను బిగించుకున్నావు, విప్పుకెళ్ళు. గోడకి మేకులు కొట్టావు, మేకులు కూడా పీక్కెళ్తావా ఏంటి? నేలలో దిగింది నేలదే అమ్మాయ్."

సూదక్క నవ్వింది. జోకనుకుంది. పిన్ని నవ్వలేదు.

అసలు ఈ ఇంటికొచ్చినప్పుడు అక్కడున్నది మట్టి కూడా కాదు. విరిగిన ఇటుకలు, టైల్సు ముక్కలు, గట్టిపడిన సిమెంటు ఉండలు. ల్యాబు నుంచొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, బొచ్చెలతో మోసి పారబోసింది తను. మట్టి జల్లెడ పట్టింది తను. ఎందుకమ్మా నీకీ శ్రమ అని పిన్ని మెట్ల మీద కూర్చుని అడిగేది. దుంపలేమో రక్తానికి వెళ్ళే ఇళ్ళల్లో ఒక ముసలావిడ ఇచ్చింది, ఖాళీ మందుల డబ్బాలో పోసి, పిడికెడు. నాటుకో తల్లీ, ఉల్లిపాయలనుకుని కూరలో వేసేవు, విషం, కడుపులోకి పోకూడదు అని మరీ మరీ చెప్పింది. ఆ పిడికెడే ఇప్పుడు బస్తాడైంది. పూసిన రోజున వీధిలో వాళ్ళంతా గేటు దగ్గర ఆగి ఫోటోలు తీసుకుంటుంటే, మా ఇంటి పూలమ్మా, చూడండి చూడండి అని పిన్ని మురిసిపోయేది. అప్పుడు సూదక్కకి ఏమీ అనిపించలేదు, పైగా ముచ్చటేసేది. ఇప్పుడు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

సగం తీసుకుంటానంది. పిన్ని తల అడ్డంగా ఊపింది. పోనీ ఓ దోసెడు అంది. దోసెడు అని మొదలుపెట్టి మొత్తం లేపుకుపోతావు, నీ చేతి సంగతి నాకు తెలీదా అంది పిన్ని. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, రోజూ వేలు పెట్టి చూస్తా, ఉన్నాయో లేదో, చెప్తున్నా అని వేలు కూడా చూపించింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు దిగొచ్చి, ఆ మగ్గుడు నీళ్ళూ మోటారు పక్కన పోసి మరీ వెళ్ళింది.

అన్నాల దగ్గర సూదక్క కంచంలో కెలుకుతూ ఉంది గానీ ఒక్క ముద్ద దిగితే ఒట్టు. మొగుడు రెండుసార్లు చూశాడు, మూడోసారి అడిగాడు. చెప్పింది. చెప్తుంటే ఇంకా మండింది. అద్దెకున్న వాళ్ళకి వెళ్ళేటప్పుడు చేతుల్లో ఏముండాలో కూడా ఓనర్లే చెప్తారా అంది. ఆయన కాసేపు ఊఁ కొట్టాడు, నర్సరీలో కొత్తవి కొందాంలే అన్నాడు. అలాంటివి కావాలంటే ఎన్నైనా దొరుకుతాయి, అవి నావి కావు కదా అని సూదక్క విసురుగా లేచింది.

"సరే అయితే, తవ్వేసి వాటి బదులు ఉల్లిపాయలు పాతెయ్. పిన్ని వేలుకి ఏదో ఒకటి తగలాలి, అంతేగా. లిల్లీ పోతే ఉల్లి." తన జోక్‌కి తనే పొలమారేంత నవ్వాడు.

సూదక్క నవ్వలేదు. గిన్నెలు కడుగుతూ ఆలోచించింది, దుప్పటి కప్పుకుని కూడా ఆలోచించింది.

మర్నాడు పని నుంచి వస్తూ కూరగాయల కొట్టు ముందు బండి ఆపింది. చిన్నుల్లిపాయల బుట్ట ముందు కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. కొట్టువాడు కాసేపు చూసి ఉండబట్టలేక అడిగాడు, అందరూ మొలకల్లేనివి ఏరుకుంటారు, నువ్వేంటక్కా మొలిచినవే ఏరుతున్నావు అని. మొక్కల కోసం అంది. అబద్ధం కూడా కాదు. వాడు లోపల్నించి ఇంకో సంచి తెచ్చాడు, పారబోద్దామని పక్కన పెట్టినవట, అన్నిటికీ పచ్చటి ముక్కులు. ఇంత చక్కగా కలిసొచ్చేసరికి ఆమెకే భయం వేసింది.

మధ్యాహ్నం పిన్ని పడుకునే వేళ. బాబాయి టీవీ మోత తట్టుకోలేక పిన్ని చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటుంది, ఆ దూది కూడా సూదక్క ల్యాబు నుంచి తెచ్చిచ్చిందే. పైన టీవీలో ఎవరో పోట్లాడుకుంటున్నారు. సూదక్క కొంగు బిగించి, అరిగిపోయిన పాత గరిట పట్టుకుని గేటు కొస నుంచి మొదలుపెట్టింది.

గరిటని నిలువుగా దింపకూడదు, దుంప తెగుతుంది. పక్క నుంచి ఏటవాలుగా తోసి, కింద నుంచి మొత్తం గుత్తిని పైకి లేపాలి. నరంలోకి సూది పంపినట్టే, తొందరపడితే చిట్లుతుంది. లేపిన గుత్తిని అరచేతిలో పెట్టుకుని మట్టి రాల్చింది, బొటనవేళ్ళతో మెల్లిగా విడదీసింది. గోధుమరంగు పొర కింద తెల్లగా, గట్టిగా, చల్లగా ఉన్నాయి దుంపలు. ఇంత ఎండలో అంత చల్లదనం ఎక్కడ దాచుకున్నాయో. పెద్దవి గోనెసంచిలోకి, పిసరంత పిల్లదుంపలు మళ్ళీ గుంటలోకి. అవి నేలకే వదిలేస్తున్నా చూడు అని ఎవరితోనో వాదిస్తున్నట్టు పైకే అనేసింది. గోడ పునాది వారగా కొన్ని చాలా లోతుకి దిగిపోయాయి, గరిట అందలేదు, వేళ్ళూ అందలేదు. వాటినీ వదిలేసింది.

ఖాళీ అయిన ప్రతి గుంటలో ఒక ఉల్లిపాయ. మెడ దాకా మట్టి, మొలక తుంచేసి, పైన ఎండాకులు ఎప్పట్లా పరిచి. తన దుంపలు తను తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? అవదు. మరి దొంగతనం కానప్పుడు ఈ ఉల్లిపాయలెందుకు? దీనికి జవాబు దొరక్క సూదక్క ఇంకొంచెం వేగంగా పని చేసింది. మోటారు దాకా వెళ్ళేసరికి నడుం పట్టేసింది, గోళ్ళ నిండా మట్టి, చేతులకి ఉల్లి వాసన. లేచి దూరం నుంచి చూసింది. ఎండిపోయిన గడ్డి, పగిలిన నేల. ఏమీ జరగనట్టే ఉంది.

ఇల్లు మారే రోజు ఆటోట్రాలీ వచ్చింది. పిన్ని గేటు దగ్గరే నిలబడి, ఆ బీరువా అలా కాదు ఇలా, అబ్బాయ్ ఆ అద్దం జాగ్రత్త అని సూదక్క మొగుడి మీద అజమాయిషీ చేసింది. గోనెసంచి ఎప్పుడో దుప్పట్ల మూట అడుగుకి చేరింది. చివర్లో పిన్ని సూదక్క చెయ్యి పట్టుకుంది.

"నెలనెలా షుగరు పరీక్షకి నువ్వే రావాలి. వేరే ఎవర్నైనా పంపావో, చెయ్యి ఇవ్వను."

వస్తాను పిన్నీ అంది సూదక్క, పిన్ని భుజం వెనకున్న గోడని చూస్తూ. ట్రాలీ మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. మొగుడేమో చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, పాపం ఆయనకి ఉల్లిపాయల సంగతి అప్పటికింకా తెలీదు.

కొత్త ఇల్లు బావుంది. నిజంగానే బావుంది. రెండో అంతస్తు, గాలి, వంటింట్లో కిటికీ, కుళాయి తిప్పితే నీళ్ళు. ముందు వైపు గ్రిల్లు పెట్టిన బాల్కనీ. ఖాళీ పెయింటు బకెట్లకి అడుగున బెజ్జాలు పెట్టి, మట్టీ ఇసకా కలిపి నింపి, దుంపలన్నీ నాటేసింది సూదక్క, మెడలు మట్టికి సమానంగా, పక్కపక్కనే ఇరుకుగా. ఇరుగ్గా ఉంటేనే వాటికి ఇష్టం. మొగుడు వచ్చి చూసి, ఇవెక్కడివి, ఆవిడ ఇచ్చిందా చివరికి అన్నాడు. సూదక్క బకెట్లో మట్టి సర్దుతూ కూర్చుంది. ఆయన బకెట్లవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నేను జోకేశానే అన్నాడు. ఇంకో నిమిషానికి మళ్ళీ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమెకీ నవ్వొచ్చింది, అది వేరే సంగతి.

వాన వచ్చింది. ఇంకా సామాన్లు పూర్తిగా సర్దుకోకముందే, ఓ సాయంత్రం ఆకాశం నల్లబడి ఒక్కసారిగా కుమ్మరించింది. సూదక్క పొయ్యి కట్టేసి బాల్కనీలోకి పరిగెత్తింది. వాన గ్రిల్లు దాకా వచ్చి ఆగిపోయింది. పైన ఇంకో అంతస్తు బాల్కనీ ఉందిగా, దాని నీడన ఉన్నాయి బకెట్లు. అన్నిటినీ ఈడ్చి గ్రిల్లుకి ఆనించింది. గట్టిగా వాన పడుతుంటే జానెడు దూరంలో పొడిగా కూర్చున్నాయి. నాలుగు తుంపర్లు పడ్డాయంతే. చేతులు బయటికి చాచి దోసిట్లో పట్టి పోసింది, గిన్నెలో పట్టి పోసింది, ఆఖరికి కుళాయి నీళ్ళు కూడా పోసింది.

రోజులు గడిచాయి. ఆకు లేదు, మొగ్గ లేదు. మొగుడు వంగి చూసి, ఫ్రిజ్ నీళ్ళు పోద్దామా, వాననుకుని మోసపోతాయేమో అన్నాడు. మోసం అనే మాట ఎత్తకండి అని సూదక్క కసిరింది.

ఇంతలో పిన్ని షుగరు పరీక్ష రోజు వచ్చింది.

పొద్దున్నే గేటు ముందు బండి ఆపింది. గోడవైపు చూడకూడదనుకుంది, తల తిప్పకుండా నడిచింది. అయినా కంటి కొసకి ఏదో గులాబీరంగు తగిలింది. చూడలేదు. మెట్లెక్కేసింది.

బాబాయి టీవీ ముందు. పిన్ని కుర్చీలో చెయ్యి చాపి సిద్ధంగా కూర్చుంది. సూదక్క పెట్టె తెరిచి, రబ్బరు పట్టీ చుట్టి, పిడికిలి బిగించమంది. ఈ చేతిలో నరం ఎక్కడుంటుందో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. మోచేతి మడతకి కాస్త ఎడంగా, లోతుగా. స్పిరిట్ దూదితో తుడిచింది, సూది దింపింది. రక్తం ట్యూబులోకి ఎక్కడం మొదలైంది.

"కింద చూశావా, పూశాయి," అంది పిన్ని. "నీకు ఫోను చేద్దామనుకున్నా. ఈసారి ఆకులే బాగా బలిసి వచ్చాయి, లేతగా భలే ఉన్నాయిలే. నిన్న దుంపలతో సహా పీకి పెట్టా. ఈ పూట కూరలో వేసేద్దామని."

సూదక్క చెయ్యి కదల్లేదు, అలవాటైన చెయ్యి కాబట్టి. పునాది వార లోతుగా దిగిపోయిన దుంపలు. తను గుంటల్లోకి వదిలేసిన పిల్లదుంపలు. అన్నీ ఉల్లిపాయల మధ్యలోనే ఉన్నాయి. ముసలావిడ మాట చెవిలో గింగురుమంది. చెప్పకపోతే ఈ మధ్యాహ్నానికి ఇద్దరు పెద్దవాళ్ళ కంచాల్లో అవి ఉంటాయి. చెప్తే తను చేసిన పని బయటపడిపోతుంది. సూదేమో ఇంకా నరంలోనే ఉంది, ట్యూబు సగమే నిండింది, లేచి పారిపోవడానికి కూడా లేదు.

"వద్దు పిన్నీ. కూరలో వెయ్యొద్దు."

"ఏం?"

"అన్నీ ఉల్లిపాయలు కావు. లిల్లీ దుంపలు కొన్ని మిగిలిపోయి ఉంటాయి. అవి తినకూడదు, విషం."

"మిగిలిపోవడమేంటి?"

ట్యూబు నిండింది. సూదక్క పట్టీ విప్పింది, సూది తీసింది, దూది అదిమి చెయ్యి మడిచింది. తల ఎత్తకుండానే చెప్పేసింది, గరిట, గోనెసంచి, దూది పెట్టుకున్న చెవులు, కొట్టువాడు, అన్నీ. దూది తీసి చూస్తే పిన్ని చెయ్యి నల్లగా కమిలింది. ఇన్నేళ్ళలో సూదక్క చేతికి ఎవరి చెయ్యీ కమలలేదు.

పిన్ని ఆ కమిలిన చోటుని ఓసారి చూసుకుంది. లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక సంచి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. శుభ్రంగా కడిగిన ఉల్లిపాయలు, పచ్చటి కాడలు దారంతో కట్టి ఉన్నాయి.

"వెతుకు. ఒక్క లిల్లీ దుంప ఉందేమో చూడు."

సూదక్క ఒక్కోటీ తీసి చూసింది, వాసన చూసింది. ఒక్కటీ లేదు. అన్నీ ఉల్లిపాయలే.

"మీరు వెళ్ళిన రోజు సాయంత్రమే వేలు పెట్టా. పెడతానని చెప్పాగా. పెట్టి వేలు వాసన చూసుకున్నా. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యి, నాకు తెలీదా?"

"మరి ఇన్నాళ్ళూ..."

"నీళ్ళు పోశా. హాయిగా, రోజూ, ఎంత కావాలంటే అంత. వద్దు మొర్రో పిన్నీ అని అడ్డం పడేవాళ్ళు లేరు." పిన్ని పెదాలు కొంచెం కదిలాయి. "అరుద్దామనే అనుకున్నా. ఫోను కూడా తీశా. మళ్ళీ నెలనెలా నా చెయ్యి తీసుకెళ్ళి పెట్టాల్సింది నీ చేతిలోనేగా అని ఊరుకున్నా. అయినా నీ కోపం చూడు, ఎలా పొడిచావో."

కోపం కాదు పిన్నీ, భయం అంది సూదక్క. ఇద్దరూ నవ్వారు. సూదక్క కళ్ళు తుడుచుకుని పెట్టె సర్దుకుంది. ఉల్లిపాయల సంచి అక్కడే వదిలి లేవబోతే పిన్ని ఊరుకోలేదు.

"అవి నువ్వు కొన్నవి. పట్టుకెళ్ళు. నేలలో దిగింది నేలదే అన్నాను, ఆ మాట మీదే ఉన్నా. కానీ ఉల్లిపాయలు నాకొద్దు."

కిందకి దిగి, ఈసారి ఆగి, తల తిప్పి చూసింది సూదక్క. గోడ పునాది వారగా, గరిటా, మగ్గు నీళ్ళూ అందని లోతులోంచి, పిడికెడు పూలు పైకొచ్చాయి. సన్నటి కాడలు, విచ్చుకున్న గులాబీరంగు రేకులు, రేకుల మీద ఇంకా పొద్దుటి తడి. వాటి ముందంతా, గేటు కొస నుంచి మోటారు దాకా, ఉల్లిపాయలు పీకిన గుంటలు. ఒక్కటీ పూడ్చలేదు. ఒక్కోటీ సరిగ్గా ఒక దుంప పట్టేంత, నోరు తెరుచుకుని ఆకాశంవైపు చూస్తున్నాయి.

పిన్ని పైన మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో మగ్గు.

"గుంటలు పూడుద్దామంటే నడుం వంగట్లేదమ్మాయ్. అలానే వదిలేశా," అంది. అన్ని ఉల్లిపాయలూ వంగి వంగి పీకిన నడుమే అది.

సూదక్క ఉల్లిపాయల సంచి హ్యాండిలుకి తగిలించుకుని బండి స్టార్ట్ చేసింది. దారంతా మబ్బు పట్టే ఉంది. ఇంటికొచ్చి బాల్కనీలో బకెట్ల ముందు గొంతు కూర్చుని, వేలు పెట్టి చూసింది. ఉన్నాయి. అన్నీ తనవే, గట్టిగా, చల్లగా, జానెడు దూరంలో పడే వాన తమదాకా రాని చోట. అక్కడేమో ఓనరు పిన్ని నేల, పూడ్చని గుంటలు, నేలలో దిగింది నేలదే అన్న మాట మీదే ఉన్న పిన్ని, పైనంతా ఆకాశం. మొగుడు టీ గ్లాసులు పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు, ఆమె ఒళ్ళో ఉల్లిపాయల్ని చూసి ఈసారి జోకేమీ వెయ్యలేదు. దూరంగా ఉరిమింది. సూదక్క గరిట చేతిలోకి తీసుకుంది, మళ్ళీ కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

ఆ గరిట మీ చేతిలో ఉంటే మీరేం చేసేవాళ్ళు?